సావో పాలోలో ఇల్లు: పాత ఫ్లాటా, కొత్త టవరా, సోబ్రాడోనా?

సావో పాలోలో ఇల్లు వెతకడం మొదలుపెడితే మొదటి వారంలోనే మూడు రకాల ఇళ్లు ఎదురవుతాయి. 1940ల నుంచి 1970ల దాకా కట్టిన పాత అపార్ట్‌మెంట్లు ఒక రకం. పెద్ద గదులు, చెక్క నేల, వెనకాల పనివాళ్ల గది, గోడల్లో తుప్పుపట్టిన ఇనప పైపులు. గత పది పదిహేనేళ్లలో లేచిన టవర్లు రెండో రకం. కింద జిమ్, ఈతకొలను, పైన బార్బెక్యూ పొయ్యి ఉన్న బాల్కనీ. మూడోది సోబ్రాడో, అంటే అయిదారు మీటర్ల వెడల్పు స్థలంలో పక్కింటి గోడకు ఆనుకుని ఉండే రెండంతస్తుల ఇల్లు. ఐటీ ఉద్యోగాల మీద అక్కడికి వెళ్లే తెలుగు కుటుంబాలు ఎక్కువగా రెండో రకంతోనే సరిపెట్టుకుంటాయి. హైదరాబాద్ గేటెడ్ కమ్యూనిటీకి అది దగ్గరగా ఉండటమే కారణం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. అయిదారేళ్లకు పైగా ఉండేవాళ్లకు, కొన్నాక మరమ్మతులకు కూడా డబ్బు మిగిలేవాళ్లకు పాత అపార్ట్‌మెంటే మంచి బేరం. రెండు మూడేళ్లలో వెళ్లిపోయేవాళ్లు దాని జోలికి పోకూడదు. సోబ్రాడో అందంగా ఉంటుంది, కానీ అది అడిగే ఓపిక అందరికీ ఉండదు. ఇలా ఎందుకంటున్నానో చెప్పాలంటే ఎండతో, గోడలతో మొదలుపెట్టాలి. టైల్స్, అల్మారాలు, రంగులు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. ఎండ వచ్చే దిక్కు, బరువు మోసే గోడలు మాత్రం కొన్నరోజు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి.

ఎండ, గోడలు

మనకు చలికాలంలో దక్షిణం నుంచి వాలే ఎండ సావో పాలోలో ఉత్తరం నుంచి వస్తుంది. నగరం మకర రేఖ మీద, సముద్ర మట్టానికి సుమారు 760 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ చలికాలమైన జూన్, జూలైలో రాత్రులు బాగా చల్లగా ఉంటాయి, ఇళ్లలో గది హీటర్లు ఉండటం అరుదు. ఆ నెలల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తర ఆకాశంలో దాదాపు 43 డిగ్రీల ఎత్తులో ఉంటాడు కాబట్టి ఉత్తరపు కిటికీలోంచి ఎండ గది లోపలిదాకా వస్తుంది. దక్షిణం వైపు మాత్రమే కిటికీలున్న గదికి చలికాలమంతా నేరుగా ఎండ తగలదు. అల్మారాల వెనక బూజు పడుతుంది, ఆరేసిన బట్టలు చెమ్మగానే ఉండిపోతాయి. అందుకే అమ్మకం ప్రకటనల్లో ఉత్తర ముఖం అని ప్రత్యేకంగా రాస్తారు, దానికి ధర కూడా ఎక్కువ అడుగుతారు. ఇవ్వడం దండగ కాదు. తూర్పు, ఉత్తరం కోరుకునే వాస్తు పట్టింపు ఉన్నవాళ్లకు ఇక్కడ ఎండ కూడా కలిసొస్తుంది. రెసీఫె, సల్వదోర్ లాంటి ఈశాన్య తీర నగరాల్లో లెక్క వేరు. అక్కడ చలి బెడద లేదు కాబట్టి పొద్దుటి ఎండ, సముద్రపు గాలి వచ్చే తూర్పు వైపు ఫ్లాటుకే గిరాకీ. పడమటి గదులు మధ్యాహ్నం తర్వాత కాగిపోతాయి.

ఇక గోడలు. బ్రెజిల్ ఇళ్ల ఫోటోల్లో హాలు, వంటిల్లు, బాల్కనీ ఒక్కటిగా కలిసిపోయి కనిపిస్తాయి. అలాంటి ఇల్లు చేసుకుందామని కొనేవాళ్లు ముందుగా అడగాల్సింది ఈ బిల్డింగు బరువు దేని మీద ఉందని. 1950-70ల నాటి అపార్ట్‌మెంట్లలో ఎక్కువ భాగం కాంక్రీటు స్తంభాలు, దూలాల మీద నిలబడ్డవి. మధ్యలోని ఇటుక గోడలు గదుల్ని విడదీయడానికే కాబట్టి, ఇంజనీరు చూసి సరేనంటే తీసేయవచ్చు. కొత్తవాటిలో, ముఖ్యంగా తక్కువ ధరలో అమ్మడానికి కట్టినవాటిలో, చాలాచోట్ల విడిగా స్తంభాలే ఉండవు. బోలు బ్లాకుల గోడలుగానీ, పోత కాంక్రీటు గోడలుగానీ మొత్తం బరువు మోస్తాయి. అక్కడ ఒక తలుపును వెడల్పు చేయాలన్నా కుదరదనే చెబుతారు. కొత్త ఫ్లాటును ఎలాగైనా మార్చుకోవచ్చనుకుని చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ఓనరుకిచ్చే మాన్యువల్‌లో ఈ సంగతి రాసి ఉంటుంది. బేరం ఆడకముందే తెప్పించుకుని చదవండి.

గోడల గురించి ఇంతగా చెప్పడానికి ఒక విషాదం కారణం. 2012 జనవరి 25 రాత్రి రియో నడిబొడ్డున లిబెర్దాదె అనే ఇరవై అంతస్తుల భవనం కూలి, పక్కనున్న మరో రెండు భవనాలను కూడా కూల్చేసింది. పదిహేడు మృతదేహాలు దొరికాయి, కొందరి ఆచూకీ దొరకనేలేదు. భవనంలో జరుగుతున్న మరమ్మతు పనుల మీదే అనుమానం పడింది. 2014లో ఎన్‌బీఆర్ 16280 అనే ప్రమాణం వచ్చింది. దాని ప్రకారం ఫ్లాటులో మరమ్మతు చేయించాలంటే ఇంజనీరుగానీ ఆర్కిటెక్టుగానీ బాధ్యత తీసుకుంటూ సంతకం పెట్టిన పత్రంతో, పని ప్రణాళికను బిల్డింగు మేనేజరుకు ముందే ఇవ్వాలి. ఆ మేనేజరును అక్కడ సిందికో అంటారు. ఇంజనీరు ఇచ్చే పత్రం ఏఆర్‌టీ, ఆర్కిటెక్టు ఇచ్చేది ఆర్‌ఆర్‌టీ. అది లేకుండా పని మొదలుపెడదామనే మేస్త్రీ ఎంత చవకగా చేస్తానన్నా వద్దనండి.

పాత అపార్ట్‌మెంట్: ఏం కొంటున్నారు, ఏం బాగుచేయించాలి

ఇజియెనాపోలిస్ పేటలో నడిస్తే ఈ తరం ఇళ్ల మీద ప్రేమ పుట్టకుండా ఉండదు. ఆర్కిటెక్టు విలానోవా అర్తిగాస్ 1946లో గీసిన లొవెయిరా భవనం రెండు బ్లాకుల మధ్య తోటను వీధికి వదిలేసి నిలబడింది. కాస్త దూరంలో, ఆర్కిటెక్టు పట్టా లేని అర్తాషో జురాదో 1950ల్లో కట్టిన బ్రెతాన్య ఉంది, రంగుల టైల్స్‌తో, వంపులతో. సెంటర్లో ఆర్కిటెక్టు ఆస్కార్ నీమేయర్ గీసిన కొపాన్ భవనంలో 1,160 ఫ్లాట్లు. అలలా వంగిన ముఖభాగం మీద అడ్డంగా సాగిన కాంక్రీటు పలకలు ఉత్తరపు ఎండను ఆపుతాయి. ఇలాంటి పేరున్న భవనాల్లో కొనేవాళ్లు అవి వారసత్వ జాబితాలో ఉన్నాయో లేదో నగరపాలక సంస్థ దగ్గర కనుక్కోవాలి. ఉంటే కిటికీ ఫ్రేము మార్చడానికి కూడా అనుమతి కావాలి. ముఖభాగం బాగుచేసే ఖర్చు కూడా అందరి మీదా పడుతుంది. కొపాన్ నుంచి చిన్న టైల్స్ రాలిపడుతుంటే ఏళ్ల తరబడి భవనానికి వల కట్టి ఉంచాల్సి వచ్చింది.

పేరులేని పాత భవనాలే మామూలు కుటుంబాలకు నయం. అదే వీధి, అవే ఎత్తైన కప్పులు, మూడు పడకగదులు, ధర మాత్రం పక్కనున్న కొత్త టవరు కంటే చదరపు మీటరుకు తక్కువ. అలా మిగిలిన డబ్బు మొత్తం మీకు లాభం అనుకోకండి. అందులో పెద్ద భాగం గోడల్లోకి వెళుతుంది.

మొదట పైపులు. అప్పటి ఇనప పైపులు లోపల తుప్పుపట్టి మూసుకుపోతాయి. షవరు తిప్పితే నీళ్లు సన్నగా వస్తాయి. ఫ్లాటు లోపలి పైపులు మీ ఖర్చు. అన్ని అంతస్తుల మీదుగా నిలువుగా దిగే పైపులు అందరి ఉమ్మడి ఖర్చు. అవి మార్చారా లేదా అన్నది సిందికోను అడగండి. మార్చకపోతే, మీరు కొత్త టైల్స్ వేసుకున్న రెండేళ్లకు వాళ్లొచ్చి అదే గోడ పగలగొడతారు.

తర్వాత కరెంటు. నీళ్లను షవరు దగ్గరే వేడిచేసే ఎలక్ట్రిక్ షవర్లు బ్రెజిల్‌లో ఇంటింటా ఉంటాయి. ఒక్కోటి 5,500 వాట్లు, ఆపైన కూడా తీసుకుంటుంది. పాత ఫ్లాటులో వైరింగు ఒక్క షవరుకూ నాలుగు బల్బులకూ వేసింది. ఏసీ, ఎలక్ట్రిక్ ఓవెన్, ఇండక్షన్ పొయ్యి పెట్టుకోవాలంటే లోపలి వైరింగు మారిస్తే చాలదు, కింద మీటరు నుంచి వచ్చే లైను కూడా సరిపోవాలి. భవనం ఇంత లోడు ఇవ్వగలదా అన్నది కొనకముందే ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. మన ఇళ్లకు ఇంకో సంగతి కూడా ఉంది. సావో పాలోలో మామూలు ప్లగ్గులు 127 వోల్టులవి. ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ, గ్రైండరు వాటిలో సరిగా తిరగవు. వైరింగు మార్చేటప్పుడే వంటింట్లో రెండు 220 వోల్టుల ప్లగ్గులు పెట్టించుకుంటే ఆ బాధ పోతుంది. బ్రసీలియాలోనూ రెసీఫెలోనూ ఇళ్లకు 220 వోల్టులే వస్తాయి.

వంటింటి వెనక బట్టలుతికే చోటు, దాని పక్కన కిటికీ కూడా సరిగా లేని చిన్న గది, అందులో ఇంకా చిన్న బాత్రూము: పనిమనిషి ఇంట్లోనే ఉండే రోజుల కోసం గీసిన గదులివి. ఆ ఇరుకును చూస్తే అప్పటి సమాజం తన ఇంట్లో పనిచేసేవాళ్లను ఎక్కడ ఉంచిందో అర్థమవుతుంది. 2013లో రాజ్యాంగ సవరణతో ఇంటిపనివాళ్లకు మిగతా కార్మికులతో పాటు హక్కులు వచ్చాక ఇంట్లోనే ఉండే పనిమనుషులు ఇంకా తగ్గారు. ఇప్పుడు ఆ గదిని ఏం చేయాలన్నదే పాత ఫ్లాటు మరమ్మతులో అసలు ప్రశ్న. చాలామంది గోడ తీసేసి వంటింట్లో కలుపుతారు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఆఫీసు గదిగా మార్చుకుంటారు. నేనైతే ఆ చిన్న బాత్రూమును ఉంచేసి, గదిని స్టోరుగా మారుస్తాను. నీళ్ల పైపులు ఇప్పటికే అక్కడున్నాయి, రెండో బాత్రూము మరోచోట కట్టడం కంటే ఉన్నదాన్ని బాగుచేయడం చాలా చవక.

వంటింటి గోడ మీద నా సలహా ఫ్యాషన్‌కు ఎదురు. తీయకండి. రోజూ పోపు పెట్టే ఇంట్లో ఓపెన్ కిచెన్ అంటే సోఫా కవర్లకూ కర్టెన్లకూ ఆవాల వాసన. పాత ఫ్లాటులోని మూసిన వంటిల్లు, దాని వెనక గాలి ఆడే ఉతికే చోటు మన వంటకు సరిగ్గా సరిపోయే ఏర్పాటు. వెలుతురు కావాలంటే హాలు వైపు గోడలో కొంత మేర తీసి, జరిపే అద్దం తలుపు పెట్టించండి. పైపు గ్యాసు ఉన్న ఇళ్లలో గాలి కోసం వదిలిన రంధ్రాలను టైల్స్ మేస్త్రీ మూసేయకుండా పక్కనుండి చూసుకోండి.

నేల విషయంలో మాత్రం ఫ్యాషన్ ఇప్పుడు సరైన దారిలోనే ఉంది. పాత కార్పెట్టు కిందో, లామినేట్ కిందో తాకో అనే చిన్న చెక్క పలకల నేల దొరికితే అది అదృష్టమే. పెరోబా, ఇపే లాంటి గట్టి చెక్కలవి. మెషీన్‌తో పైపొర గీకించి వార్నిష్ వేయిస్తే మళ్లీ కొత్తదవుతుంది. విరిగిన పలకలకు పాత ఇళ్లు కూల్చినచోట దొరికే చెక్క వాడతారు. కొత్త చెక్క కొంటే అడవి నుంచి చట్టప్రకారం వచ్చిందని చూపే పత్రం అడగండి. పాత ఇళ్లలో కనిపించే ఎర్ర సిమెంటు నేల మన పెంకుటిళ్లలోని రెడ్ ఆక్సైడ్ గచ్చు లాంటిదే, అక్కడి గ్రానిలిటె మన మొజాయిక్ నేలే. బాగుంటే పాలిష్ పట్టించి ఉంచేసుకోండి. వాటి మీద పోర్సెలిన్ టైల్స్ పరిచేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

కొత్త టవరు

దీని బలాలు ఇట్టే కనిపిస్తాయి. లిఫ్టులు కొత్తవి, కారుకు చోటుంది, రాత్రంతా గేటు దగ్గర మనిషి ఉంటాడు, పిల్లలకు కింద ఆడుకునే చోటుంది. 2013 నుంచి అమల్లోకి వచ్చిన ఎన్‌బీఆర్ 15575 ప్రమాణం వల్ల శబ్దానికి, వేడికి కనీస హద్దులున్నాయి. అవి కనీస హద్దులే కాబట్టి పైవాళ్ల అడుగుల చప్పుడు వినపడదని అనుకోకండి. కట్టడం గట్టిదనానికి చట్టప్రకారం బిల్డరు అయిదేళ్లు బాధ్యుడు.

ధర పోల్చేటప్పుడు మూడు చోట్ల మోసపోతారు. ఒకటి, ప్రకటనలోని చదరపు మీటర్లలో బాల్కనీ కలిసి ఉంటుంది. పాత ఫ్లాటుతో పోల్చాలంటే బాల్కనీ తీసేసి లెక్కేయండి. రెండు, చాలా ఫ్లాట్లు హాల్లో, పడకగదుల్లో నేల వేయకుండా ఉత్త సిమెంటుతో అప్పగిస్తారు. వంటింటి అల్మారాలు, లైట్లు, షవర్లు కూడా ఉండవు. అవన్నీ చేయించాక వచ్చే మొత్తమే అసలు ధర. మూడు, కట్టకముందే కొంటే, కట్టే కాలమంతా వాయిదాలు ఐఎన్‌సీసీ అనే నిర్మాణ ఖర్చుల సూచీ ప్రకారం పెరుగుతూ పోతాయి. మధ్యలో వదులుకుంటే 2018 నాటి చట్టం ప్రకారం కట్టినదాంట్లో పాతిక శాతం దాకా బిల్డరు ఉంచుకోవచ్చు. ప్రాజెక్టు ఆస్తిని బిల్డరు మిగతా ఆస్తుల నుంచి చట్టబద్ధంగా వేరుచేసి ఉంటే సగం దాకా కూడా.

బార్బెక్యూ బాల్కనీ వారాంతాల్లో పదిమందిని పిలిచి మాంసం కాల్చుకునే ఇళ్లకు వరం. శాకాహార కుటుంబానికి ఆ పొయ్యి బట్టల బుట్ట పెట్టుకునే చోటుగా మిగులుతుంది. చాలామంది బాల్కనీకి అద్దాలు బిగించి హాల్లో కలిపేసుకుంటారు. బయటి రూపం, రంగు మార్చకూడదని సివిల్ కోడ్ చెబుతుంది కాబట్టి అద్దాల తీరు అందరూ కలిసి ఒప్పుకున్నదే అయి ఉండాలి. బాల్కనీ నేల ఎత్తు పెంచితే బరువు పెరుగుతుంది, దానికి ఇంజనీరు సంతకం కావాలి.

మెట్రో పక్కన కుప్పలుతెప్పలుగా లేచిన పాతిక, ముప్పై చదరపు మీటర్ల స్టూడియోల గురించి ఒక్క మాట. 2014 నాటి నగర ప్రణాళిక రవాణా మార్గాల పక్కన ఎత్తుగా కట్టడాన్ని ప్రోత్సహించాక వచ్చిన పంట ఇది. ఒంటరిగా ఉండేవాళ్లు అద్దెకు తీసుకోవచ్చు, కుటుంబానికి పనికిరాదు.

సోబ్రాడో

విలా మరియానా, లాపా, పిన్యేరోస్ పేటల్లో ఈ ఇళ్లు ఇంకా మిగిలాయి. ముందు ఎర్ర టైల్ ముక్కలు అతికిన చిన్న వాకిలి, లోపల ఒకదాని వెనక ఒకటిగా గదులు, వెనక కాస్త పెరడు. రెండు వైపులా పక్కింటి గోడలే కాబట్టి నడిమి గదులు చీకటి. ఈ చీకటిని పోగొట్టడమే సోబ్రాడో మరమ్మతులో అసలు పని.

ఎలా చేయాలో తెలియడానికి ఖరీదైన విల్లాలు చూడక్కర్లేదు. నగరానికి తూర్పున విలా మాతిల్దెలో తెర్రా ఎ తుమా ఆర్కిటెక్టులు ఇతరుల ఇళ్లలో పనిచేసే ఒక మహిళకు కట్టిన ఇల్లు చూడండి. 2015లో పూర్తయింది. స్థలం వెడల్పు 4.8 మీటర్లు, పొడవు 25 మీటర్లు, ఇల్లు 95 చదరపు మీటర్లు. పూత పూయని కాంక్రీటు బ్లాకులే గోడలు, నడుమ ఆకాశానికి తెరిచిన చిన్న లోగిలి. వంటిల్లు, బట్టలుతికే చోటు ఆ లోగిలి నుంచే వెలుతురు, గాలి తీసుకుంటాయి. పాత ఇల్లు కూలిపోయే స్థితికి వస్తే ఆమె కూడబెట్టిన కొద్ది డబ్బులోనే కట్టారు. మరుసటి ఏడాది దానికి అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది. నా దృష్టిలో నేటి బ్రెజిల్ గృహ నిర్మాణంలో గొప్ప పనుల్లో అదొకటి. మీ సోబ్రాడోలో నడిమి గది ఒకటి వదులుకుని ఇలాంటి లోగిలి తెరవగలిగితే మిగతా ఇల్లంతా బాగుపడుతుంది.

వెలుతురు కోసం కొబొగో వాడాలని ఆర్కిటెక్టు అంటే ఒప్పుకోండి. 1920ల చివర్లో రెసీఫెలో తయారైన జాలీ బ్లాకులివి, మన సిమెంటు జాలీల లాంటివే. గాలిని రానిస్తాయి, ఎండను విరుస్తాయి, చాటును కూడా ఇస్తాయి. బ్రసీలియా అపార్ట్‌మెంట్లలో ఉతికే చోటును వీటితోనే కప్పారు. సావో పాలో చలిలో మాత్రం వీటిని పెరటి గోడకు, మెట్ల దగ్గర, ఉతికే చోట పెట్టండి. పడకగదికి పెడితే జూలైలో వణుకుతారు. ఇప్పుడు ప్రతి గోడకూ అంటిస్తున్న ఎండీఎఫ్ పట్టీల ప్యానెల్స్ కంటే ఇవి వంద రెట్లు మేలు. ఆ పట్టీల సందుల్లో దుమ్ము తుడవడం ఎవరి వల్లా కాదు.

సోబ్రాడో కొనేముందు అటక ఎక్కి చూడండి. కప్పు చెక్కకు చెదలు పట్టి ఉండొచ్చు. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. దాని వాడకాన్ని 2017లో బ్రెజిల్ సుప్రీంకోర్టు నిషేధించింది. ఆ రేకుల్ని పగలగొట్టకుండా, కోయకుండా తీయించాలి. వెనక కట్టుకున్న అదనపు గదులు రిజిస్ట్రీ కాగితాల్లో లేకపోతే బ్యాంకు లోను అక్కడే ఆగిపోతుంది. భద్రత ఖర్చు కూడా మొత్తం మీదే. పెద్దవయసు తల్లిదండ్రులు కలిసి ఉండే ఇంటికి ఆ నిటారు మెట్లు మంచివి కావు.

కాగితాలు, అద్దె

విదేశీయులు నగరంలో ఇల్లు కొనవచ్చు, సీపీఎఫ్ అనే పన్ను నంబరు ఉండాలి. సావో పాలోలో ఆస్తి బదిలీ పన్ను 3 శాతం, రిజిస్ట్రేషన్ ఖర్చులు దానికి అదనం. రిజిస్టరు కానంతవరకూ ఇల్లు మీది కాదు. పాత అపార్ట్‌మెంట్ అయితే గత రెండు మూడేళ్ల ఓనర్ల సమావేశాల మినిట్స్ తప్పకుండా చదవండి. లిఫ్టు, ముఖభాగం, పైపుల కోసం వసూలు చేయబోయే అదనపు డబ్బు సంగతి అందులోనే ఉంటుంది. ఫ్లాట్లు తక్కువున్న భవనంలో నెలవారీ మెయింటెనెన్స్ ఒక్కొక్కరి మీద ఎక్కువ పడుతుంది.

రెండు మూడేళ్లకే వెళ్లేవాళ్లు కొత్త టవరులో అల్మారాలు, లైట్లు ఉన్న ఫ్లాటును అద్దెకు తీసుకోవడమే సరైన పని. అద్దె ఒప్పందం సాధారణంగా 30 నెలలకు ఉంటుంది. హామీగా ఒక పూచీదారునో, బీమానో, మూడు నెలల అద్దెకు మించని డిపాజిట్టో అడుగుతారు. గడువు మధ్యలో కంపెనీ మిమ్మల్ని వేరే ఊరికి బదిలీ చేస్తే, కనీసం 30 రోజుల ముందు రాతపూర్వకంగా ఓనరుకు తెలియజేసి ఖాళీ చేయవచ్చు. 1991 నాటి అద్దె చట్టం ప్రకారం అప్పుడు జరిమానా కట్టనక్కర్లేదు. బదిలీ ఉత్తర్వు కాపీ దగ్గర పెట్టుకోండి.